నిమ్మళమా, ఊరకా?

జమ్మలమడుగు: మా అవ్వ తెల్లారుజామున అరగంట నోరు మెదపకుండా కూర్చునేది. ఏందవ్వా అంటే "ఆయన మాట్లాడేటప్పుడు మనం గమ్మునుండాల" అనేది. దాని ఎంబడే ఒక వాక్యం: "నిమ్మళముగా ఉండుడి, నేనే దేవుడనని..." మిగతాది నాకు తట్టలా. బైబిల్లో ఎంత వెతికినా దొరకలా. వారం నుంచి ఇదే గోల.

గుంతకల్లు: రెండు కలిసిపోయినాయన్నా. 46వ కీర్తనలో "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి". నిమ్మళం ఏలీయా ప్రవక్త కథలోది. గాలి, భూకంపం, మెరుపు అన్నీ అయినాక "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము".

కడప: ఆ కీర్తనలో ఊరకుండుడి అంటే నోరు మూసుకోమని కాదు. పై వచనం చూడండి, విల్లు విరవడం, రథాలు కాల్చడం. హెబ్రీ రాఫా అంటే పట్టు సడలించు, చెయ్యి దించు. మౌనం అనాలంటే వాళ్ళకు మాట కరువా? 62లో "నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది" అని రాసినారే!

గుంతకల్లు: అట్లయితే నిర్గమకాండం 14:14 సంగతేంది? "మీరు ఊరకయే యుండవలెను". అక్కడి హెబ్రీ మాట హరష్, అచ్చంగా మాట్లాడకపోవడం. అదే అనువాదం, అదే ఊరక.

కడప: ఎర్రసముద్రం ముందర ఇశ్రాయేలు జనం సణుగుతాంటే మోషే చెప్పిన మాట అది. లెక్కలోకి రాదు.

గుంతకల్లు: నీకు అడ్డమొస్తే లెక్కలోకి రాదు!

ఆదోని: మా పక్క కన్నడం నడుస్తాది కాబట్టి చెప్తాండా. 'సుమ్మనె' అంటే మాట్లాడకుండా అనీ, పనేం లేకుండా అనీ. తమిళ 'సుమ్మా' అంతే. మురుగన్ తమిళ భక్తకవి అరుణగిరినాథర్‌కు చెప్పింది "సుమ్మా ఇరు". రమణ మహర్షి ఈ కీర్తన వాక్యాన్ని తరచూ ఎత్తేవారు. మన ఊరక కూడా అట్లాంటిదే, నోరూ చెయ్యీ రెండూ ఆపమని. విడదీస్తే చెడిపోతాది.

కడప: ఒప్పుకోను. "ఊరక రారు మహాత్ములు" అంటే మౌనంగా రారు అనా? భాగవతంలో నందుడు ఆ మాటన్నది గర్గమునితో, ఆయన వచ్చి మాట్లాడకుండా పోయినాడా? ఆ ఒక్క మాటతో పద్యం ఎట్ల ఎత్తుకున్నాడో చూడండి మా ఒంటిమిట్ట పోతన.

ఓరుగల్లు: మీ ఒంటిమిట్టనా? బమ్మెర పోతనండీ!

కడప: వచ్చినారు. బమ్మెర ఇంటిపేరు సామీ.

ఓరుగల్లు: మరి పోతన ఉండిన ఏకశిలానగరం మా ఓరుగల్లు కాదా?

కడప: ఒకే రాతిలో సీతారామలక్ష్మణులు ఉండేది ఎక్కడ? చెప్పండి.

గుంతకల్లు: పోతనను ఇడిసిపెట్టండప్పా. నిర్మలమే నిమ్మళం అయిందంటారు. అయితే ల కాస్తా ళ ఎట్లయింది? మా ఇండ్లలో "జొరం నిమ్మళించిందా" అంటాం. జొరానికీ నిర్మలానికీ ఏం సంబంధం?

ఆదోని: కలక నీళ్ళు బిందెలో కదిలించకుండా పెట్టి చూడు. మన్ను అడుక్కు దిగి తేరుకుంటాయి. జొరం దిగేదీ అట్లనే.

జమ్మలమడుగు: అవ్వకు చదువు రాదు, అంతా చెవులతో పట్టుకున్నదే. ఏలీయా విన్న స్వరాన్ని కీర్తనలోకి మరిచిపోయి తెచ్చిందా, కావాలనే తెచ్చిందా?

కడప: పాత అచ్చు ఏదన్నా అట్లుండొచ్చు కదా. ఇంట్లో పాత బైబిలు ఉందా?

జమ్మలమడుగు: అటక మీద ఉండాది. అట్ట లేదు.

కడప: దించి 46వ కీర్తన ఫోటో పెట్టు.

గుంతకల్లు: ఏలీయాది కూడా. ళ కనపడాల.

ఓరుగల్లు: ఒంటిమిట్ట సంగతి తేలలేదింకా.