అప్‌డేట్: పరీక్షల భయం మీద తొమ్మిదో తరగతికి ఏం చెప్పాలని అడిగాను కదా

పరీక్ష హాల్లో చేతులు వణికి, కడుపులో తిప్పి, తెల్ల పేపరు ఇచ్చేస్తున్న మా పిల్లలకు ఏం నేర్పాలని బడి తెరిచినప్పుడు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ, ముఖ్యంగా పేరు రాయని చీటీల పెట్టె గురించి చెప్పిన మేడమ్‌కి, చాలా థాంక్స్.

పనిచేసింది ఆ పెట్టే. "మార్కులు తగ్గితే నాన్న చదువు మాన్పిస్తాడు" అని ఒక చీటీ వచ్చింది. పైకి చదవలేదు. అలాంటి భయం ఎవరితో చెప్పుకోవచ్చు అన్నదే ఆ రోజు పాఠమైంది. వెనక బెంచీ పిల్లలు కూడా నోరు విప్పారు.

జిల్లా ఆసుపత్రి సైకాలజిస్టుని పిలిపించాం. గుండె దడ, చెమటలు ప్రమాదం కాదని, కాసేపటికి దిగిపోతాయని పిల్లలకు వివరించారు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. దీన్ని మామూలు రోజుల్లోనే అలవాటు చేయమన్నారు. అర్ధవార్షికంలో తేడా కనిపించింది. ఒక అమ్మాయికి మాత్రం ఇది సరిపోదని సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు; కౌన్సెలింగ్ నడుస్తోంది, బడికి వస్తోంది.

మోటివేషన్ వీడియోలు, అరగంట ధ్యానం మా క్లాసులో అక్కరకు రాలేదు.

2022లో మొదలైన టెలీమానస్ (మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ హెల్ప్‌లైన్) నంబరు 14416 బోర్డు మీద రాసి ఉంచాం. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు.