కుజుడి మీద వెన్నెల కాస్తుందా?

ప్రశ్న: కుజగ్రహం మీద కొత్తగా వెలిసిన కాలనీలో జరిగే ప్రేమకథ రాస్తున్నాను. అమ్మాయి భూమి నుంచి వచ్చింది, అబ్బాయి అక్కడే పుట్టాడు. "వెన్నెల్లో ఇద్దరూ చాలా దూరం నడిచారు" అని రాస్తే, చదివిన స్నేహితురాలు "అక్కడ చందమామే లేనప్పుడు వెన్నెలెక్కడిది?" అంది. ఏ మాట వాడాలి?

జవాబు: మాట మార్చక్కర్లేదు, ముందు ఇంకో మాట తగిలించండి చాలు: గుడ్డి వెన్నెల. కుజుడికి రెండు చంద్రులున్నాయి. డీమోస్ కంటికి చుక్కలాగే ఆనుతుంది. ఫోబోస్ కాస్త నయం, కానీ నడినెత్తికి వచ్చినప్పుడు కూడా మన చందమామ వెడల్పులో సగం ఉండదు. కుజుడు తన చుట్టూ తాను తిరిగేదానికన్నా వేగంగా, 7 గంటల 39 నిమిషాల్లోనే గ్రహాన్ని చుట్టేస్తుంది కాబట్టి పడమట పొడిచి తూర్పున కుంగుతుంది. చాలా రాత్రుల్లో దారి మధ్యలోనే గ్రహం నీడలో పడి మాయమవుతుంది. "చంద్రుడు తూర్పుకు వాలాడు" అని ధైర్యంగా రాయండి. అచ్చుతప్పు అనుకునేవాళ్లు అనుకుంటారు.

నాకైతే అసలు చిక్కు 'నెల' దగ్గర కనిపిస్తోంది. వెన్నెలంటే తెల్లని నెల. నెలంటే చంద్రుడూ, ముప్ఫై రోజులూ కూడా. చంద్రుడు రోజుకు మూడుసార్లు చుట్టే చోట ఆ లెక్కకు అర్థమే లేదు. అయినా "నెల తప్పింది" అనే మాటను మీ నాయిక వదులుకోదు, ఎందుకంటే ఆ లెక్క ఆకాశంలోది కాదు, ఒంట్లోది. ఆ సన్నివేశం ఉంటే ఆమె చేత అదే అనిపించండి. అబ్బాయి "నెలంటే ఏంటి?" అని అడుగుతాడు. ఆమె ఏం చెబుతుందో రాస్తే నాలుగు పేజీల వర్ణన రాసే పని తప్పుతుంది.

సాయంత్రాల్లో 'కెంజాయ' మాత్రం తీసేయండి. అక్కడ పగటి ఆకాశమే జేగురు రంగు. జేగురంటే ఇనుము తుప్పు కలిసిన మన్ను, అక్కడి దుమ్మూ అలాంటిదే. ఆ సన్నటి దుమ్ము వల్లే పొద్దుగూకేటప్పుడు సూర్యుడి చుట్టూ నీలం కమ్ముతుంది. 2015లో అక్కడ తిరిగే నాసా బండి క్యూరియాసిటీ రోవర్ పంపిన ఫొటోల్లో చూడొచ్చు. ప్రియురాలి బుగ్గల్ని సంధ్యతో పోలిస్తే అక్కడ ఆమెకు ఒంట్లో బాలేదని అర్థం!

మరో మాట. అక్కడి రోజు 24 గంటల 39 నిమిషాలు. శాస్త్రవేత్తలు దాన్ని 'సోల్' అంటారు. మనకు 'పొద్దు' ఉండగా అదెందుకు? సూర్యుడికీ కాలానికీ అదే మాట, 'ఒక్కపొద్దు'లో రోజు లెక్కకూ పనికొస్తోంది. "మూడు పొద్దులయింది నీ గొంతు విని" అంటే ఎవరికి అర్థం కాదు?

ఇంకొకరు: 'పొద్దు' నాకు అంతగా నచ్చలేదు. "పొద్దున్నే వస్తా" అనేవాడు ఏ పొద్దు గురించి అంటున్నాడో తేలదు. సోల్ ఉంటే ఉండనివ్వండి, బస్సు, రైలు రాలేదా? కానీ ఆ చంద్రుల పేర్లు చూశారా? 1877లో కనిపెట్టాక గ్రీకు నుంచి తెచ్చి పెట్టారు, రెండింటికీ అర్థం భయమే. ప్రేమకథ మీద అలాంటి పేర్లు వేలాడుతుంటే ఎలా? మనవాళ్లు వెళ్తే పెద్దోడు, చిన్నోడు అని పిలిచేస్తారు లెండి.