దావోస్ నుంచి ఏయూ మైదానం దాకా: ఈ సదస్సులు మనకి అవసరమా?

ఎంవీపీ వాసి
2025 నవంబరులో విశాఖలో మన ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) ఇంజినీరింగ్ కాలేజీ మైదానంలో, పరిశ్రమల సమాఖ్య సీఐఐ భాగస్వామ్య సదస్సు జరిగింది. 13 లక్షల కోట్లకు పైగా ఒప్పందాలన్నారు. 2023 మార్చిలో అదే మైదానంలో అప్పటి ప్రభుత్వం పెట్టిన పెట్టుబడిదారుల సదస్సులోనూ దాదాపు అంతే చెప్పారు. 2016, 17, 18లో వరసగా మూడు జరిగాయి. కాబట్టి నాది పార్టీల గొడవ కాదు, ఇంత హడావుడి ఎందుకన్నదే నా ప్రశ్న. కియా 2017 ఏప్రిల్‌లో విజయవాడలో సంతకం చేసింది, 2019కల్లా పెనుకొండలో కార్లు తయారయ్యాయి. వచ్చేవాళ్లు సదస్సు లేకపోయినా వస్తారు.

గాజువాక జంక్షన్
ఒప్పుకోను అన్నా. సంతకానికి ముందు మనుషులు ఎదురెదురుగా కూర్చోవాలిగా? 1987లో యుద్ధం దాకా వెళ్లిన గ్రీసు, టర్కీల ప్రధానులు మరుసటేడు దావోస్‌లోనే, అంటే స్విట్జర్లాండ్‌లో ఏటా ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశాలు జరిగే ఊళ్లోనే, మాట్లాడుకున్నారు. 1992లో దక్షిణాఫ్రికా నల్లజాతి నేత మండేలా, అప్పటి తెల్లజాతి అధ్యక్షుడు డిక్లర్క్ అక్కడే ఒకే వేదిక ఎక్కారు. 2000లో గావీ అనే టీకాల కూటమిని ప్రకటించిందీ అక్కడే. నెలన్నర పిల్లలకి వేసే పెంటావాలెంట్ టీకా మన దేశంలో మొదలవడానికి సాయం చేసింది ఆ గావీయే. నా కూతురికి ఆ సూది వేయించాను. అందుకే వీటిని ఉత్త మాటలని కొట్టిపారేయలేను.

అచ్యుతాపురం ఆడపడుచు
ఇద్దరూ వేదిక దగ్గరే ఆగిపోయారండి. ఈ సదస్సుల్లో చేసుకునే ఒప్పందం, అదే ఎంఓయూ, అంటే చేస్తామన్న మాట, అంతే. ఆ తర్వాత రాష్ట్ర పెట్టుబడుల బోర్డు ఎస్‌ఐపీబీ ఆమోదం, పరిశ్రమలకి స్థలాలిచ్చే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ భూమి, పర్యావరణ అనుమతి, బ్యాంకు అప్పు, కరెంటు, నీళ్లు... ఎక్కడైనా ఆగిపోవచ్చు.

మా నాన్న జీడితోట ఒక కంపెనీ కోసం ఇచ్చాం. చుట్టూ గోడ కట్టారు. ఏళ్లు గడిచినా లోపల తుమ్మచెట్లే. ఇంటికో ఉద్యోగం అన్నారు. ఆఫీసుకెళ్తే కంపెనీని అడగమంటారు, ఆ కంపెనీకి ఇక్కడ గుమస్తా కూడా లేడు. పరిశ్రమలు వద్దని నేననను. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మా చెల్లి తెచ్చే జీతంతోనే మా ఇల్లు నడుస్తోంది. కానీ ఆ సదస్సు పందిట్లో మాలాంటివాళ్లకి కుర్చీ ఉండదు. మాకు దక్కేది పర్యావరణ అనుమతికి ముందు పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ సభ ఒక్కటే, దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మా ఊళ్లో చాలామందికి ఆ సభ అయిపోయాకే తెలిసింది.

ఉక్కునగరం
దావోస్ సమావేశాలు మొదలైంది 1971 జనవరిలో. అదే నెల 20న ఇందిరాగాంధీ మా స్టీల్‌ప్లాంటుకి శంకుస్థాపన చేశారు. దాని వెనక 1966 ఉద్యమం ఉంది, 32 మంది ప్రాణాలున్నాయి. అయినా మొదటి బ్లాస్ట్‌ఫర్నేస్ వెలిగింది 1990లో. పెద్ద పరిశ్రమకి కాలం పడుతుంది కనక 2025 ఒప్పందాల మీద ఇప్పుడే తీర్పు చెప్పకూడదు. 2016 వాటి లెక్క మాత్రం గట్టిగా అడగొచ్చు.

ఎంవీపీ వాసి
అచ్యుతాపురం అమ్మా, మీరు రాసింది చదివాక నా ప్రశ్న మార్చుకుంటున్నాను. సదస్సులు పెట్టుకోనివ్వండి. ఒప్పందాలన్నీ మండలాలవారీగా, తెలుగులో అందరికీ కనపడేలా పెట్టాలి: ఎన్ని ఎకరాలు, ఏ అనుమతి దగ్గర ఆగింది, ఎంతమందికి పని దొరికింది. మీ తోట సర్వే నంబరు నాకు విడిగా పంపండి. సమాచార హక్కు దరఖాస్తు నేనే రాస్తాను. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన జవాబు మీకు పంపిస్తాను.