రిపోర్టులో ఎం స్పైక్ 0.9 వచ్చింది, మందు లేదన్నారు. ఇక ఏం చూసుకుంటూ ఉండాలె?

మునుగోడు_వాసి
62 ఏండ్ల ఆడమనిషి. నడుము, మోకాళ్ల నొప్పులకు రక్తం తీస్తే టోటల్ ప్రొటీన్ 8.2, గ్లోబ్యులిన్ 4.2. ఎలక్ట్రోఫోరెసిస్‌లో (రక్తంలోని ప్రొటీన్లను విడదీసి చూసే పరీక్ష) ఎం స్పైక్ 0.9, ఐజీజీ కప్పా రకం. ఫ్రీ లైట్ చైన్స్ (ఆ ప్రొటీన్ల విడి ముక్కలు) కప్పా 38, లాంబ్డా 17, రేషియో 2.24. హిమోగ్లోబిన్ 10.8, క్రియాటినిన్ 0.9, కాల్షియం 9.3. డాక్టరు ఎంజీయూఎస్ అని రాసి ఆరు నెలలకు రమ్మన్నారు. బయట ఎవరికి చూపిస్తే వాళ్లు క్యాన్సర్ అని భయపెడుతున్నరు. తెలిసినవాళ్లు చెప్పండి.

మూలుగ_పరీక్ష
క్యాన్సర్ కాదు. మూలుగలోని ప్లాస్మా కణాల్లో ఒక గుంపు ఒకే రకం ప్రొటీన్ తయారుచేస్తోంది, అదే ఆ స్పైక్. స్పైక్ డెసిలీటరుకు 3 గ్రాముల లోపు, మూలుగలో ఆ కణాలు 10 శాతానికి లోపు, ఎముకలకూ కిడ్నీకీ రక్తానికీ దెబ్బ లేకపోతే ఎంజీయూఎస్. ఇట్లాంటివాళ్లు వంద మంది ఉంటే ఏడాదికి సుమారు ఒక్కరికి మైలోమాగానో (ఆ ప్లాస్మా కణాల క్యాన్సర్) దాని చుట్టపు జబ్బుగానో మారుతుంది. ఇరవై ఏండ్లు దాటినా ఆ ఒక్క శాతం అట్లనే ఉంటుంది, అందుకే జీవితాంతం చూసుకోమంటారు.

ఎవరికి ఎక్కువ ముప్పో మూడు గుర్తులు చెప్తాయి: స్పైక్ 1.5 దాటడం, ఐజీజీ కాక వేరే రకం కావడం, కప్పా, లాంబ్డా రేషియో 0.26–1.65 బయట ఉండడం. మీ రిపోర్టులో మూడోది ఒక్కటే ఉంది. ఒక్క గుర్తు ఉన్నవాళ్లలో 20 ఏండ్లలో మారేది సుమారు 21 శాతం, మూడూ ఉంటే 58. కిడ్నీ పాడైనవాళ్లకు రేషియో 3.1 దాకా మామూలే, కానీ మీకు క్రియాటినిన్ 0.9 కాబట్టి ఆ సడలింపు వర్తించదు.

నాకు నచ్చనిది ఆ హిమోగ్లోబిన్ 10.8. దాన్ని ఎంజీయూఎస్ ఖాతాలో వేయొద్దు. ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12 చూపించండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏండ్లుగా వాడేవాళ్లకు బి12 పడిపోతుంది. రెండూ బాగుండి హిమోగ్లోబిన్ మాత్రం తక్కువే ఉంటే అప్పుడు మూలుగ పరీక్ష మాట ఎత్తాలి.

ల్యాబ్_బెంచి
ఆరు నెలల తర్వాత 0.9 కాస్తా 1.1 అయితే గాబరా పడొద్దు. అది మిషన్ తేడా కూడా కావచ్చు. కనీసం 0.5 గ్రాములు, అదీ పాతదాని మీద 25 శాతానికి తగ్గకుండా పెరిగితేనే నిజంగా పెరిగినట్టు లెక్క.

పోల్చాలంటే ఒకే ల్యాబ్ కావాలి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో కనబడే బోర్డులు చాలావరకు రక్తం తీసే సెంటర్లు, పరీక్ష జరిగేది హైదరాబాద్‌లో. బోర్డు పేరు చూడొద్దు, రిపోర్టు అడుగున ఏ ల్యాబ్‌లో చేశారో ఉంటుంది, అది చూడండి. లైట్ చైన్లకు ఒక కంపెనీ కిట్ అంకె ఇంకో కంపెనీ అంకెతో కలవదు.

యూనిట్ల దగ్గర మోసపోతారు. 38 మిల్లీగ్రాములు లీటరుకు, 3.8 మిల్లీగ్రాములు డెసిలీటరుకు రెండూ ఒకటే. స్పైక్‌ను కొందరు శాతంలో ఇస్తారు. 11 శాతం అని ఉంటే టోటల్ ప్రొటీన్ 8.2తో గుణించి వందతో భాగిస్తే 0.9. రేషియోకు యూనిట్ లేదు కాబట్టి అది మారదు.

శాంపిల్ ఎర్ర మూతో పసుపు మూతో ఉన్న ట్యూబులో పడాలి. ఊదా, ఆకుపచ్చ మూతల్లో తీస్తే ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) అట్లనే ఉండిపోయి లేని స్పైక్ ఉన్నట్టు గీత పడుతుంది. జ్వరం, నిమోనియా తగ్గిన వెంటనే చేయించొద్దు, కొన్ని వారాలు ఆగండి. అప్పుడు కప్పా, లాంబ్డా రెండూ పెరిగి ఉంటాయి.

ఫ్లోరైడ్_ఫైలు
మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి దిక్కు వాళ్లకు అసలు చిక్కు నొప్పుల దగ్గర వస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క. మా దిక్కు పాత బోర్లు దాన్ని ఎంత మించాయో తెలిసిందే. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినా, ఎముకల్లో చేరింది పోవడానికి ఏండ్లు పడుతుంది. కాబట్టి ఈ వయసువాళ్ల నడుము నొప్పి స్పైక్ వల్లే అనుకోవడం తప్పు, 'ఫ్లోరైడే, మామూలే' అని వదిలేయడం ఇంకా పెద్ద తప్పు.

ఫ్లోరోసిస్‌లో (ఫ్లోరైడ్ పేరుకొని వచ్చే జబ్బు) ఎముక చిక్కబడుతుంది. వెన్ను బిగుసుకుపోయి వంగరాదు, ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టినట్టు తెల్లగా కనబడుతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (రక్తపరీక్షలో చూసే ఒక ఎంజైమ్) తరచూ ఎక్కువ ఉంటుంది. మైలోమాలో ఇది తిరగబడుతుంది: ఎముకలో గుల్ల పడుతుంది, ఆ ఫాస్ఫటేజ్ చాలామందిలో మామూలుగానే ఉంటుంది. రెండూ ఒకే మనిషిలో ఉండకూడదని రూలు లేదు.

గుల్ల ఎక్స్‌రేలో కనబడాలంటే ఎముకలో 30 శాతం పైన ఖనిజం పోవాలి. అందుకే 'ఎక్స్‌రే క్లియర్' అన్న మాట మీద నేనైతే నిలబడను. డాక్టరుకు అనుమానం ఉంటే తక్కువ రేడియేషన్‌తో ఒంటి మొత్తానికి తీసే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ అడగండి. ఏండ్లనాటి బిగుసు నొప్పి వేరు. కొత్తగా పక్కటెముకలోనో నడివీపులోనో పుట్టి, బిందె ఎత్తితే కలుక్కుమన్న నొప్పి వేరు. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం బందైనా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. వెన్నుపాము నొక్కుకుపోవడానికి ఫ్లోరోసిస్ అయినా మైలోమా అయినా కారణం కావచ్చు, ఆగే టైం మాత్రం ఉండదు.

పాలమూరు_మందులషాపు
నొప్పికి డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ రోజూ మింగడం బంద్ చేయండి. లైట్ చైన్లు వడకట్టే పని కూడా కిడ్నీదే, దాని మీద ఇంకో బరువు ఎందుకు? పారాసిటమాల్‌తో సర్దుకోండి. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే సూదిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది చాలాసార్లు. అది మైలోమాకు వాడే మందుల్లో ఒకటి. పరీక్షకు ముందు పడితే అంకెలు తగ్గినట్టు కనబడొచ్చు, కాబట్టి సూది వేయించుకుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

విటమిన్ డి 60,000 సాచెట్లు వారానికొకటని రాస్తే ఎన్ని వారాలో కూడా అడగండి. చీటీ పట్టుకొని నెలల తరబడి కొనేవాళ్లను చూస్తాం. దానితో కాల్షియం పెరిగితే జబ్బు ముదిరిందని అనవసరంగా భయపడతారు.

మునుగోడు_వాసి
24 గంటల మూత్రం కూడా రాశారు. మామూలు యూరిన్ పరీక్షలో ప్రొటీన్ నిల్ వచ్చింది కదా, మళ్లీ ఎందుకు?

ల్యాబ్_బెంచి
మామూలు పరీక్షలో మూత్రంలో ముంచే పట్టీ ముఖ్యంగా ఆల్బుమిన్‌నే పట్టుకుంటుంది, లైట్ చైన్లు దానికి అందవు. అందుకే రోజంతా మూత్రం డబ్బాలో పట్టమన్నారు.

పొద్దున లేవగానే మొదటిసారి పోసింది పారబోసి టైం రాసుకోవాలి, 6 గంటలు అనుకోండి. అక్కడినుంచి ప్రతిసారీ డబ్బాలోకే. మర్నాడు 6 గంటలకు పోసింది కూడా కలిపితే అయిపోయినట్టు. చెడేది ఎక్కువగా మధ్యాహ్నమే, పొలం కాడికి పోయి మరిచిపోతారు. ఒక్కసారి తప్పినా లెక్క తప్పు, మరో రోజు మొదటినుంచి చేయాలి. ఇల్లు కదలని రోజు పెట్టుకోండి. డబ్బా ఎండ తగలకుండా చల్లటి చోట పెట్టాలి, వేసవైతే ఐసు పెట్టిన తొట్టిలో. డబ్బా అంతా బస్సులో మోయలేకపోతే, మొత్తం ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి, బాగా కలిపి అందులోంచి కొంత తెస్తే ఒప్పుకుంటారా అని ముందే ల్యాబ్‌కు ఫోన్ చేయండి. మొత్తం ఎంతో రాయకుండా శాంపిల్ ఒక్కటే ఇస్తే ఆ రిపోర్టు చిత్తు కాగితమే.

దేవరకొండ_యూజర్
మూడు నెలలకోసారి అన్నీ చేయిస్తే ముందే దొరుకుతది కదా?

మూలుగ_పరీక్ష
దొరకదు, జేబు ఖాళీ అవుతుంది. ఆరు నెలలకు ఒకసారి చూసి, కదలకపోతే ఏడాదికోసారి చాలు. మూడు గుర్తుల్లో ఒక్కటీ లేనివాళ్లకు రెండు మూడేండ్లకోసారి కూడా సరిపోతుంది. హిమోగ్లోబిన్, క్రియాటినిన్, కాల్షియం ప్రభుత్వాసుపత్రిలో చేయించి, ఎలక్ట్రోఫోరెసిస్, లైట్ చైన్లకే డబ్బు పెట్టండి. కాల్షియం చూసేటప్పుడు ఆల్బుమిన్ పక్కన పెట్టుకోండి. అది 4 కంటే ఒక గ్రాము తక్కువ ఉంటే కాల్షియానికి 0.8 కలపాలి.

ఈ పరీక్షల మధ్యలో కాళ్లు వాచినా, మూత్రం నురగ కట్టినా, అరికాళ్లు మొద్దుబారినా, నాలుక లావెక్కినట్టున్నా గడువు కోసం ఆగొద్దు. స్పైక్ చిన్నదే అయినా ఆ ప్రొటీన్ గుండెలో, కిడ్నీలో పేరుకుపోయే అమిలాయిడోసిస్ అనే జబ్బు ఒకటుంది. నిమ్స్‌కు పోయేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో, ఎలక్ట్రోఫోరెసిస్ గ్రాఫు కాగితంతో సహా పట్టుకెళ్లండి. సమ్మరీ పేజీ ఒక్కటే ఇస్తే అన్నీ మళ్లీ చేయించుకొమ్మంటారు.