1/24 అవిభక్త వాటా: ఫ్రీ స్టేట్‌లోని ఒక ఆఫ్రికానర్ కుటుంబపు పొలం తగాదా

ప్రశ్న అడిగినవారు: ఫిక్స్‌బర్గ్ కోడలు

అందరికీ నమస్కారం. నేను తెలుగింటి అమ్మాయిని, దక్షిణాఫ్రికాలో ఒక ఆఫ్రికానర్ (డచ్ మూలాలున్న తెల్లవారి) కుటుంబానికి కోడలిని. మా అత్తగారివారు ఫ్రీ స్టేట్ రాష్ట్రపు తూర్పు ప్రాంతంలో, ఫిక్స్‌బర్గ్ దగ్గర, తరతరాలుగా వ్యవసాయం చేసినవారు. అయితే ఆ పొలం ఇప్పుడు మా వారి శాఖ చేతిలో లేదు, పెద్దకొడుకు శాఖ చేతిలో ఉంది. ఈ రెండు శాఖలవారూ ఒకే డచ్ రిఫార్మ్‌డ్ చర్చికి వెళతారు కానీ వేర్వేరు వైపుల కూర్చుంటారు. చావు కబురు వచ్చినప్పుడు తప్ప ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

నాకు తెలిసినంతవరకు జరిగింది ఇది. సుమారు 1200 మోర్గెన్‌ల (పాత డచ్ భూకొలత) పొలానికి యజమాని అయిన పెద్దాయన 1911లో మరణించారు. ఆయనకు భార్య, ఆరుగురు సంతానం. ఆ ఆరుగురిలో ఒకరు, అంటే మా వారి ముత్తాతగారు, 1901లో, బ్రిటిష్‌వారితో జరిగిన బోయర్ యుద్ధంలోనే చనిపోయి ఇద్దరు చిన్నపిల్లలను మిగిల్చారు. అందులో ఒకరు మా వారి తాతగారు, 1899లో పుట్టారు. మా అత్తగారి బీరువాలోని రేకు పెట్టెలో ఒక దస్తావేజు నకలు దొరికింది. ఊదారంగు ముద్ర కింద తాతగారి పేరు, దాని పక్కన 1/24 అవిభక్త వాటా అని రాసి ఉంది. అదే పెట్టెలో ఎవరో చేత్తో రాసిన జాబితా కూడా ఉంది: ఒక ఎద్దుబండి, రెండు నాగళ్లు, గొర్రెలు, ఒక హార్మోనియం, వాటి ఎదురుగా ఎవరెవరు తీసుకున్నారో పేర్లు.

పెద్ద శాఖవారు “1914లోనే మీ వాటా డబ్బు ముట్టింది, సంతకం కూడా ఉంది” అంటారు. మా మామగారు మాత్రం “అప్పటికి మా నాన్నకు పదిహేనేళ్లు, ఆ సంతకం ఎవరిది?” అని చివరిదాకా అడుగుతూనే పోయారు. ఆస్తి కోసం నేను అడగడం లేదు. ఈ 1/24 ఎక్కడి నుంచి వచ్చిందో, పెద్దాయన పొలాన్ని ఒక్కరికే రాసి ఈ తగాదాను ఎందుకు తప్పించలేదో, నిజం తెలుసుకోవడానికి ఏ కాగితాలు వెతకాలో తెలిసినవారు చెప్పగలరా? మా పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, రెండు కథల్లో ఏది చెప్పాలో నాకు తెలియడం లేదు.

సమాధానం: వారసత్వ న్యాయం చదువుకున్నవాడు

అమ్మా, మీ 1/24 లెక్క చాలా స్పష్టమైనది. దక్షిణాఫ్రికాలో ఆస్తి హక్కులకు పునాది రోమన్-డచ్ న్యాయం, దాన్ని 1652 తరువాత డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఇక్కడి కేప్ ప్రాంతానికి తెచ్చింది. ఆ న్యాయం ప్రకారం పెళ్లికి ముందు ప్రత్యేక ఒప్పందం రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి మొత్తం ఉమ్మడి అవుతుంది. కాబట్టి పెద్దాయన చనిపోయిన రోజున సగం పొలం ఆయనది కానే కాదు, అది ఆవిడ సొంత హక్కు. మిగిలిన సగాన్ని ఆరుగురు సంతానానికి పంచితే ఒక్కొక్కరికి 1/12 వస్తుంది. చనిపోయిన కొడుకు స్థానంలోకి ఆయన పిల్లలిద్దరూ వస్తారు గనుక ఆ 1/12ను రెండుగా విడగొడితే ఒక్కొక్కరికి 1/24. అంటే మీ పెట్టెలోని కాగితం మీ తాతగారిని తండ్రిలేని మనవడిగా, సరైన వరుసలోనే వారసుడిగా గుర్తించింది. 1200 మోర్గెన్‌లలో 1/24 అంటే 50 మోర్గెన్‌లు, ఇప్పటి కొలతలో దాదాపు 43 హెక్టార్లు. ఆ గడ్డి నేలల్లో అంత తక్కువ భూమి మీద ఒక కుటుంబం పశువులను మేపుకుని బతకడం అసాధ్యం. మీరు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది.

ఇంగ్లండులో చాలా కాలం పెద్దకొడుకుకే భూమి పోయేది. రోమన్-డచ్ న్యాయం ఆ దారి పట్టలేదు. కూతుళ్లతో సహా సంతానమందరికీ సమాన వాటా అన్నదే దాని నియమం, పైగా వీలునామా రాసినా పిల్లలకు తప్పనిసరిగా కొంత భాగం వదలాల్సిన నిబంధన చాలా కాలం నడిచింది. ఆ నిబంధన కేప్‌లో 1870 దశకంలో, మిగతా ప్రాంతాల్లో ఆ తరువాత రద్దయ్యింది. చట్టం స్వేచ్ఛ ఇచ్చినంత మాత్రాన తల్లిదండ్రుల మనసు మారిపోలేదు, పిల్లలందరూ సమానమే అన్న భావన ఆఫ్రికానర్ కుటుంబాల్లో బలంగా నిలిచింది. న్యాయం అందరికీ భూమి ఇచ్చింది, ఆ భూమి మాత్రం ఒక్క ఇంటినే పోషించగలిగేది. నేను చూసిన ఆఫ్రికానర్ పొలం తగాదాల్లో ఎక్కువ భాగం ఈ రెంటి మధ్యనే పుట్టాయి, అందుకే మీ రెండు శాఖల్లో ఒకరిని దొంగలుగా అనుకోవడానికి నేను తొందరపడను.

ఈ చిక్కును తప్పించడానికి వాళ్లు చేసిన ప్రయత్నాలు అనేకం. కంపెనీ కాలంలో కేప్ పశుపాలకులు తీసుకున్న రుణ పొలాలను (అంటే కంపెనీ వాడుకకు మాత్రమే ఇచ్చినవాటిని) చట్టప్రకారం విడగొట్టే వీలు లేదు, కట్టిన ఇల్లూ కొట్టాలూ మాత్రమే చేతులు మారేవి. లోతట్టున కొత్త నేల దొరికినంతకాలం చిన్నకొడుకులు బండి కట్టుకుని ముందుకు పోయారు కాబట్టి తగాదా అంతగా పైకి రాలేదు. ఆ దారి మూసుకుపోయాక అవిభక్త వాటాలు పెరిగాయి. పొలం కాగితం మీద ఒక్కటిగానే ఉంటుంది, దాని మీద పది, పదిహేను మందికి భిన్నాంకాల్లో హక్కు ఉంటుంది, ఎవరి గొర్రెలు ఏ వైపు మేయాలో ఎవరికీ తెలియదు. నిజంగా విడగొట్టినచోట ప్రతి ఒక్కరికీ నీరు అందాలని నదిని తాకేలా పొడవాటి సన్నని పట్టీలుగా కోసేవారు. వంతు నీటి గడియల మీద అన్నదమ్ములు ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిపిన ఉదాహరణలు కారూ అనే పొడి ప్రాంతంలో ఉన్నాయి. ఇంకొందరు ఒక కొడుక్కు పొలం రాసి, తల్లి బతికున్నంతకాలం ఫలసాయం ఆమె అనుభవించాలని, ఆ కొడుకు తోబుట్టువులకు విలువ కట్టి డబ్బు చెల్లించాలని షరతు పెట్టేవారు. కరువు వచ్చిందా, ఆ డబ్బు చెల్లింపు ఆగిపోయేది. వాటా రాలేదని ఒకరు, ఇచ్చేశామని మరొకరు చెప్పుకోవడం అక్కడే మొదలవుతుంది.

1970లో వచ్చిన వ్యవసాయ భూముల విభజన చట్టం తరువాత మంత్రి అనుమతి లేకుండా పొలాన్ని ముక్కలు చేయడానికీ, కొత్తగా అవిభక్త వాటాలు సృష్టించడానికీ వీలు లేదు. దాన్ని రద్దుచేసే చట్టాన్ని 1998లో ఆమోదించినా అది అమల్లోకి రాలేదు. కాబట్టి మీ 1/24 వంటి వాటాలు ఇప్పుడు కొత్తగా పుట్టవు.

సమాధానం: పాత దస్తావేజుల పాఠకుడు

పై మిత్రులు చెప్పిన లెక్క సరైనదే. నేను కాగితాల సంగతి చెబుతాను, ఎందుకంటే ఇలాంటి తగాదాల్లో అందరూ వీలునామా కోసం పరుగెడతారు, అసలు విషయం మాత్రం దానిలో ఉండదు. ఎవరికి ఏమి రావాలో మాత్రమే వీలునామా చెబుతుంది. ఎవరికి ఏమి వచ్చిందో చెప్పేది లిక్విడేషన్, డిస్ట్రిబ్యూషన్ అకౌంట్, అంటే అప్పులు తీర్చాక మిగిలినదాన్ని పంచినట్టు ఎగ్జిక్యూటర్ (పంపకం జరిపించే వ్యక్తి) మాస్టర్ కార్యాలయానికి, అంటే మృతుల ఆస్తుల పంపకాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ కార్యాలయానికి, సమర్పించిన లెక్క. మీరు వెతకవలసింది దాన్నే.

బ్లూమ్‌ఫాంటైన్‌లోని ఫ్రీ స్టేట్ ఆర్కైవ్స్‌లో పెద్దాయన ఎస్టేట్ ఫైలు, అంటే ఆయన వదిలిన ఆస్తి కాగితాల ఫైలు, ఉండాలి. జాతీయ ఆర్కైవ్స్ వారి ఆన్‌లైన్ సూచికలో వీఏబీ అనే భాండాగారం కింద, ఎంహెచ్‌జీ అనే మూలం కింద ఇంటిపేరుతో వెతకండి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశావళి వెబ్‌సైటులో కూడా చాలా ఎస్టేట్ ఫైళ్ల చిత్రాలున్నాయి. ఫైలులో మొదటి కాగితం మరణ ప్రకటన. అందులో తల్లిదండ్రుల పేర్లు, భార్య పేరు, సంతానం వరుసగా, వారిలో ఎవరు మేజర్లో ఎవరు మైనర్లో ఉంటుంది. మీ తాతగారి పేరు చనిపోయిన తండ్రి పేరు కింద ఉందో లేదో ముందుగా చూడండి. తరువాత ఆస్తుల పట్టిక చూస్తే మీ పెట్టెలోని ఎద్దుబండీ, నాగళ్లూ, హార్మోనియమూ వాటి ధరలతో సహా అక్కడ కనబడే అవకాశం ఉంది. మీ దగ్గరున్న చేతిరాత జాబితాతో ఆ ధరలను పోల్చండి. సామాను తీసుకున్నవారి పద్దులో ఆ విలువ తగ్గించి ఉంటే, వాటా కొంత వస్తురూపంలో ముట్టినట్టు అర్థం.

ఇక మీ మామగారి ప్రశ్న, నిజానికి ఈ మొత్తం విషయంలో అదే ముఖ్యమైన ప్రశ్న. అప్పట్లో మేజరు కావడానికి 21 ఏళ్లు నిండాలి. పదిహేనేళ్ల పిల్లవాడి భూమి వాటాను అమ్మాలంటే తల్లి సంతకం ఒక్కటే చాలదు, విలువను బట్టి కోర్టు అనుమతో మాస్టర్ అనుమతో కావాలి. మైనర్లకు చెందిన నగదు సాధారణంగా గార్డియన్స్ ఫండ్ అనే ప్రభుత్వ నిధిలో జమ అవుతుంది, మేజరయ్యాక రసీదు రాసి తీసుకోవాలి. కాబట్టి ఫైలులో మూడు కాగితాల కోసం చూడండి. అమ్మకానికి అనుమతి కోరిన దరఖాస్తు మొదటిది, నిధిలో జమ చేసినట్టు పద్దు రెండోది, 1920 తరువాత తాతగారు స్వయంగా సంతకం చేసిన రసీదు మూడోది. మూడూ ఉంటే పెద్ద శాఖ మాట నిజం. అనుమతి ఉండి రసీదు లేకపోతే డబ్బు ఎక్కడో ఆగిపోయింది. అనుమతే లేకపోతే మీ మామగారి అనుమానానికి బలం ఉంది.

ఇంకొకటి, భూమి దస్తావేజులు నమోదయ్యే బ్లూమ్‌ఫాంటైన్ డీడ్స్ ఆఫీసులో పొలం పేరుతో బదిలీల చరిత్ర తీయించండి. పేర్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. ఆఫ్రికానర్ కుటుంబాల్లో పెద్దకొడుకుకు తండ్రిగారి తండ్రి పేరు, రెండోవాడికి తల్లిగారి తండ్రి పేరు పెట్టడం ఆనవాయితీ కనుక ఆరుగురు సంతానం ఉన్న ఇంట్లో ఒకే పేరుతో నలుగురైదుగురు పినతండ్రి, పెదతండ్రి బిడ్డలు ఉంటారు. పేరు చూసి సంతకం ఎవరిదో తేల్చకండి, పుట్టిన తేదీతో సరిపోల్చండి.

సమాధానం: చరిత్ర అధ్యాపకురాలు

పై ఇద్దరూ కొడుకుల వైపు నుంచే చూశారు. మీ పెద్దాయనకు కూతుళ్లు ఎందరో మీరు రాయలేదు, ఆ 1/12 వాటాలు ఏమయ్యాయో కూడా అడగండి. చట్టం సమానమే అన్నా, కూతుళ్ల వాటాలను అన్నదమ్ములు కొనడం, ఆ డబ్బు అల్లుడి పొలం అప్పుకు పోవడం చాలా ఇళ్లలో జరిగింది. కొన్ని కుటుంబాలైతే వీలునామాలోనే మగ సంతతికి తప్ప పొలం పోకూడదని తరాల తరబడి కట్టుబాటు రాశాయి. ఊట్స్‌హూర్న్ ప్రాంతంలో 1902లో ఒక దంపతులు రాసిన ఉమ్మడి వీలునామా అలాంటిదే. వారి వంశంలో ఒకాయన 2015లో ఐదుగురు కూతుళ్లను మిగిల్చి మరణిస్తే, కొడుకులు లేరు గనుక పొలాలు మాకే రావాలని ఆయన సోదరుడి కొడుకులు పట్టుబట్టారు. హైకోర్టు వారివైపే తీర్పు ఇచ్చింది. 2021లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని తోసిపుచ్చి, ఆడపిల్లలన్న కారణంతో వారిని వెలివేసే షరతును అమలుచేయడం కుదరదని చెప్పింది. ఒక వీలునామాలోని షరతు నూరేళ్లు దాటాక కూడా ఒకే ఇంటివారిని ఎదురెదురుగా నిలబెట్టగలదని ఆ వ్యాజ్యం చదివితే తెలుస్తుంది.

చిన్న వాటాదారుల గతి గురించి కూడా ఒక మాట. 1896, 97 సంవత్సరాల్లో పశువులకు వచ్చిన రిండర్‌పెస్ట్ వ్యాధి, 1899 నుంచి 1902 వరకు సాగిన యుద్ధం, ఆ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం పొలాల ఇళ్లను తగలబెట్టడం, ఇవన్నీ వరుసగా వచ్చాక 50 మోర్గెన్‌ల వాటా ఉన్నవాడు దాన్ని నిలుపుకోవడం దాదాపు అసాధ్యం. వాటా అమ్ముకుని అదే పొలంలో అన్న దయ మీద పని చేసుకుంటూ బతికిన తమ్ముళ్లను బైవోనర్లు అనేవారు. పేద తెల్లవారిపై కార్నెగీ కమిషన్ 1932లో ప్రచురించిన నివేదిక కూడా పొలాల అతి విభజనను పేదరికానికి ఒక కారణంగా చూపింది. మీ తాతగారు తరువాత ఏ పని చేసి బతికారో నాకు తెలియదు కానీ, ఆ శాఖలో తరాలు దాటిన బాధకు మూలం ఆ 43 హెక్టార్ల ధర కన్నా, సొంత పొలంలో పరాయివాడు కావడమేనని నాకనిపిస్తుంది.

చివరగా, మీ పిల్లలకు చెప్పే కథలో మూడో శాఖ కూడా ఉండాలి. ఫిక్స్‌బర్గ్ ఉన్న నేల 1860 దశకంలో జరిగిన యుద్ధాల్లో బసోతో ప్రజల నుంచి ఫ్రీ స్టేట్ స్వాధీనం చేసుకుని పొలాలుగా పంచిన ప్రాంతం. ఆ తరువాత కూడా బసోతో కుటుంబాలు సగం పంట ఇస్తామని ఒప్పుకుని అదే పొలాల్లో దున్నాయి, పెట్టుబడి లేని చిన్న వాటాదారులు వారి ఎద్దుల మీదే ఆధారపడ్డారు. 1913 నాటి భూమి చట్టం ఫ్రీ స్టేట్‌లో అలా పంట పంచుకునే సాగును నిషేధించింది. మీ తాతగారి వాటా అమ్మిందన్న సంవత్సరం 1914, అంటే ఆ మరుసటి ఏడాదే. ఆ అమ్మకానికీ, పొలం మీది పాలేళ్ల కుటుంబాలు వెళ్లిపోవడానికీ సంబంధం ఉందేమో ఫైలు చూసేటప్పుడు గమనించండి.

ప్రశ్న అడిగినవారు: ఫిక్స్‌బర్గ్ కోడలు

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా వారి మేనత్తగారిని అడిగాను. పెద్దాయనకు ముగ్గురు కూతుళ్లట, ముగ్గురి వాటాలూ పెద్దన్నే కొన్నారట. పాలేళ్ల గురించి అడిగితే ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత కొట్టం వెనక ఉన్న సమాధుల గురించి చెప్పారు. ఫైలు కోసం ఆర్కైవ్స్‌కు రాస్తున్నాను. ఒక్క సందేహం: అనుమతి కాగితం లేదని తేలితే ఇప్పుడు ఏమైనా చేయగలమా, చేయాలా?

సమాధానం: వారసత్వ న్యాయం చదువుకున్నవాడు

చేయగలగడం చాలా కష్టం. ఆ పొలం నూరేళ్లకు పైగా వారి పేరు మీద రిజిస్టరై ఉంది, మధ్యలో బదిలీలు జరిగాయి, సాక్షులెవరూ లేరు. 30 ఏళ్లు యజమానిగా బహిరంగంగా అనుభవించినవారికి చట్టమే హక్కు ఇస్తుంది. సహవాటాదారుల మధ్య దాన్ని నిరూపించడం కొంత చిక్కైనా, ఇంత కాలం తరువాత ఏ న్యాయవాదీ మీకు ఆశ చూపించకూడదు. చేయాలా అన్నది మీ ఇంటి నిర్ణయం. అయితే ఫైలు నకళ్లు వచ్చాక ఒక ప్రతిని పెద్ద శాఖవారికి కూడా పంపండి, మీకు అనుకూలమైన పుటలు మాత్రమే కాక మొత్తం ఫైలు పంపండి. వారి దగ్గర ఉందంటున్న 1914 నాటి కాగితం చూపించమని అప్పుడు అడగడం సులువవుతుంది, బహుశా వారూ దాన్ని ఎప్పుడూ పూర్తిగా చదివి ఉండరు.