ఎమ్మారై మచ్చలు చూసి ఎంఎస్ అని తేల్చేయొచ్చా? నడుము నీరు తీయాల్సిందేనా?

రాయగడ తమ్ముడు
మా అక్కకి 31 ఏళ్లు. కుడికన్ను మసకబారింది, కన్ను తిప్పితే నొప్పి, ఎర్ర చీర కూడా వెలిసిపోయినట్టు కనిపిస్తోందంటుంది. ఎమ్మారైలో తెల్ల మచ్చలున్నాయి, మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల పైపొరని దెబ్బతీసే జబ్బు) కావచ్చు అని రాశారు. విశాఖ డాక్టరుగారేమో నడుము నుంచి నీరు తీయాలి, ఎస్‌డబ్ల్యూఐ స్కాన్ (సిరలు బాగా కనిపించే ఎమ్మారై రకం) కూడా కావాలి అన్నారు. సూది వేస్తే కాళ్లు పడిపోతాయని అమ్మ ఏడుపు, స్కానుండగా సూదెందుకని బావ. ఏం చేయమంటారు?

జైపూర్ స్కాన్ టెక్నీషియన్
తమ్ముడూ, నేను మీ బావ వైపే, కాకపోతే మామూలు స్కాన్ చాలదు. ఎంఎస్ మచ్చ ఎక్కువగా ఒక చిన్న సిర చుట్టూ పుడుతుంది. ఫ్లెయిర్ బొమ్మ (మచ్చలు తెల్లగా కనిపించే ఎమ్మారై), ఎస్‌డబ్ల్యూఐ బొమ్మ పక్కపక్కన పెట్టి చూస్తే మచ్చ నడిమధ్యలో సన్నటి నల్ల గీత, కొన్నిట్లో నల్ల చుక్క కనిపిస్తుంది. మైగ్రేన్ మచ్చల్లో, బీపీ వల్ల వచ్చే మచ్చల్లో ఇది చాలా తక్కువ. ఎంఎస్ అని తేల్చడానికి డాక్టర్లు వాడే 2017 మెక్‌డొనాల్డ్ ప్రమాణాల్లో ఈ గుర్తు లేదు, 2024 సవరణలో చేర్చారు. మెదడు, వెన్నుపాముల్లో ముందునుంచీ చూసే నాలుగు చోట్లకి తోడు కంటి నరాన్ని కూడా ఐదో చోటుగా లెక్కలోకి తెచ్చారు, మీ అక్కకి అదే ముఖ్యం. రెండు చోట్ల దెబ్బ కనబడి, సిర గుర్తున్న మచ్చలు ఆరు దొరికితే సూది లేకుండానే ఎంఎస్ అనొచ్చు.

బరంపురం టీచరమ్మ
బాబూ, ఆ ఆరు మచ్చలు లెక్కపెట్టేదెవరు? మా అమ్మాయిది మైగ్రేన్. ఒకచోట మచ్చలు చూసి ఎంఎస్ అన్నారు, ఏళ్ల తరబడి ఇంజెక్షన్లు పొడిపించుకుంది, జ్వరాలు, తొడల మీద గడ్డలు, పెళ్లి సంబంధాలు వెనక్కి పోయాయి. తర్వాత వేరే డాక్టరు చూసి అది ఎంఎస్ కాదన్నారు. ఇది మా ఇంటి గొడవ ఒక్కటే కాదు, అమెరికాలో రెండు పెద్ద సెంటర్లకి ఎంఎస్ అని పేరుపెట్టుకుని వచ్చినవాళ్లలో 18 శాతం మందికి ఆ జబ్బే లేదని 2019లో తేలింది. మన పక్క చాలా సెంటర్లలో రిపోర్టులో ఆ సిర ఊసే ఉండదు. నడుము నుంచి తీసిన నీటిలో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు (ఎంఎస్‌లో ఎక్కువగా కనిపించే ప్రోటీన్ గీతలు) కనబడితే అది ఇంకో సాక్ష్యం, ఎందుకు వదులుకోవాలి?

పర్లాకిమిడి మెడికో
ఇద్దరూ అసలు ప్రశ్న వదిలేశారు. కంటి నరం వాచిందంటే మన దేశంలో ఎన్‌ఎంఓ కూడా చూడాలి, అది కంటి నరాన్ని, వెన్నుపాముని దెబ్బతీసే, ఎంఎస్‌లాగే కనిపించే వేరే జబ్బు. దానికి రక్తంలో ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష ఉంది, దానితోపాటు ఎంఎస్‌ని పోలిన ఇంకో జబ్బుని పట్టే మాగ్ యాంటీబాడీ కూడా. ఎన్‌ఎంఓని ఎంఎస్ అనుకుని ఇంటర్‌ఫెరాన్ గానీ ఫింగోలిమాడ్ గానీ (ఇవి ఎంఎస్ మందులు) మొదలుపెడితే జబ్బు ముదురుతుంది. చూపే పోవచ్చు. సిర గుర్తు ఎన్‌ఎంఓలో తక్కువ, నిజమే, కానీ తక్కువ అంటే లేదని కాదు.

జైపూర్ స్కాన్ టెక్నీషియన్
రక్తపరీక్ష ముందే చేయించాలి, అందులో వాదన లేదు. కానీ టీచరుగారూ, మీ అమ్మాయికి జరిగింది స్కాన్ని నమ్మినందుకు కాదు, సగం స్కాన్ని నమ్మినందుకు. అప్పుడు సిర చూసుంటే అనుమానం అక్కడే వచ్చేది. మాకు చీటీలో 'బ్రెయిన్ ఎమ్మారై' అని రాసిస్తే మేం ఎస్‌డబ్ల్యూఐ తియ్యం, తీసినా మందపాటి స్లైసులు, సిర కనబడదు. 3 టెస్లా (అయస్కాంత బలం) మెషీన్ అయితే బాగా తెలుస్తుంది, 1.5లో కొన్ని జారిపోతాయి. అందుకే చీటీలో ఎంఎస్ అనుమానం అని, కంటి నరం, వెన్నుపాము కూడా తీయమని రాయించుకోండి.

బరంపురం టీచరమ్మ
అది ఒప్పుకుంటాను. అయినా ఆరు దొరక్కపోతే నీరు తీయించడమే మేలు. తమ్ముడూ, మీ అమ్మగారికి ఒక్క మాట చెప్పండి: వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది, సూది వేసేది దాని కింద. కొందరికి తర్వాత తలనొప్పి వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది, అది నిజం. కాళ్లు పడిపోతాయన్నది భయం.

రాయగడ తమ్ముడు
రేపు రక్తం ఇక్కడే ఇస్తాం. పాత స్కాన్ సీడీ అడిగితే ఫిల్ములు చాలన్నారు, మళ్లీ వెళ్లి సీడీయే తెచ్చుకుంటాను. చీటీ విశాఖ డాక్టరుగారి చేతే రాయిస్తా. అమ్మతో అక్క మాట్లాడుతోంది.