ఆర్కైవ్స్ కేటలాగులో ఈ మాటలకి అర్థం ఏమిటి? (పాత విశాఖ జిల్లా రికార్డులు)

భీమిలి తీరం:
అందరికీ నమస్కారం. భీమిలి రేవు వ్యాపారం మీద ప్రాజెక్టు చేస్తున్నాను, 1800–1910 మధ్య కాగితాలు కావాలి. కేటలాగులో కొన్ని మాటల దగ్గర ఆగిపోతున్నాను. ఒక చోట ‘ఎఫ్‌ఎఫ్ 112–118వి’ అని, పక్కనే తేదీ చదరపు బ్రాకెట్లలో [1831] అని ఉంది. ఇంకో చోట ‘సి. 1840’. ఒక పట్టికలో ‘డి.డిస్.’, మరో దాంట్లో ‘ఫసలీ 1310’. పైన ఎక్కడో ఫాండ్స్, సీరీస్ అన్న మాటలు కూడా ఉన్నాయి. వీటిలో కాగితాలు తెప్పించుకునే స్లిప్పు మీద రాయాల్సినవి ఏవి, వదిలెయ్యాల్సినవి ఏవి?

దస్తరం:
ముందు ఫాండ్స్ సంగతి చూడండి, మిగతావి దాని వెనకే వస్తాయి. లైబ్రరీ కేటలాగు పుస్తకం దేని గురించో చెబుతుంది. ఆర్కైవ్స్ కేటలాగు ఆ కాగితం ఏ ఆఫీసులో పుట్టిందో చెబుతుంది. ఒక ఆఫీసు తన పని చేసుకుంటూ పోగేసిన కాగితాలన్నీ కలిపి ఫాండ్స్. అందులో ఒకే రకం వరస, అంటే వచ్చిన ఉత్తరాలన్నీ ఒకటి, పంపిన ఉత్తరాలన్నీ ఒకటి, సీరీస్. దాని కింద ఫైలు, ఫైల్లో విడి కాగితం ఐటమ్. పై మెట్టులో రాసింది కింది మెట్టులో మళ్ళీ రాయకూడదన్నది నియమం. అందుకే ఫైలు దగ్గర ఉత్త ‘ఉత్తరాలు, 1831’ అని కనిపిస్తుంది. ఎవరు ఎవరికి రాశారో తెలియాలంటే ఒక్కో మెట్టూ పైకి ఎక్కి చదవాలి. వెతికేవాళ్ళు ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే.

‘ఎఫ్’ అంటే ఫోలియో, ఒక ఆకు. పేజీ కాదు. ‘ఎఫ్‌ఎఫ్’ దాని బహువచనం. ఆకు ముందు వైపు రెక్టో, వెనక వైపు వెర్సో, ఆ చివరి ‘వి’ అదే. 112 ముందు వైపు నుంచి 118 వెనక వైపు దాకా అంటే 7 ఆకులు, 14 పేజీలు. పుస్తకం తెరిచిపెట్టి ఫొటో తీస్తే 8 ఫొటోలు వస్తాయి, ఎందుకంటే మొదటి ఫొటోలో 112 ముందు వైపు ఒక్కటే మీది, చివరి దాంట్లో 118 వెనక వైపు ఒక్కటే. కాపీలకి డబ్బు కట్టే ముందు ఈ లెక్క వేసుకోండి. ఆకు నంబరు సాధారణంగా కుడివైపు పై మూల పెన్సిలుతో, ముందు వైపు మాత్రమే ఉంటుంది. అదే మూల సిరాతో ఇంకో నంబరు కనిపిస్తే అది ఆనాటి గుమస్తా వేసిన పేజీ అంకె అయి ఉండొచ్చు. కేటలాగు అంకెతో ఏది సరిపోతుందో చూసుకుని ఆ ఒక్కదాన్నే వాడండి. రెండూ కలిస్తే మీ ఫుట్‌నోట్లు పట్టుకుని ఎవరూ ఆ కాగితం దాకా రాలేరు.

[1831] అంటే తేదీ కాగితం మీద లేదు, కేటలాగు రాసినవారు లోపలి సంగతిని బట్టి తేల్చారు. ‘సి.’ అంటే సుమారు. 1831–1835 అని ఉంటే అది మొదటి కాగితానికీ చివరి కాగితానికీ మధ్య దూరం, నడుమ ప్రతి ఏడూ ఉంటుందని కాదు.

పాత ఫైలు:
‘డిస్.’ అంటే డిస్పోజల్, ఫైలు మూసేటప్పుడు పడే ముద్ర. ఇది మన మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా ఆఫీసుల అలవాటు. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. పదేళ్ళు, ఎల్.డిస్. ఒక ఏడాది. ఎన్.డిస్. అయితే అసలు కాగితమే పంపినవారికి తిరిగి వెళ్ళిపోయింది. కాబట్టి పాత డి.డిస్. నంబరు దొరికిందంటే ఫైలు దొరికినట్టు కాదండీ, చాలామటుకు చించేసి ఉంటారు. అలాగని వదలకండి. కలెక్టరు పైకి రాసిన ఉత్తరం రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్‌లోనో, జీఓలోనో నకలుగా మిగిలి ఉండే అవకాశం ఉంది. స్లిప్పు మీద జీఓ నంబరు ఒక్కటే రాస్తే లాభం లేదు. నంబర్లు ఏటా, ప్రతి డిపార్ట్‌మెంటుకీ మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. నంబరు, తేదీ, డిపార్ట్‌మెంటు మూడూ ఉండాలి.

ఫసలీ అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం. దానికి 590 కలపండి: 1310 అంటే 1900 జులై 1 నుంచి 1901 జూన్ 30 దాకా. ఫసలీ 1310 మార్చి అంటే 1901 మార్చి. ఏడాది తప్పు పడేది జనవరి–జూన్ కాగితాల్లోనే.

భీమిలి తీరం:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఇంకొకటి. విశాఖపట్నం, భీమునిపట్నం అని కొడితే దాదాపు ఏమీ రావట్లేదు. కాగితాలే లేవా?

దస్తరం:
ఉన్నాయి, పేరు వేరు. ఆనాటి ఇంగ్లీషు స్పెల్లింగులో విజగపటం (Vizagapatam), బిమ్లిపటం (Bimlipatam) అని కొట్టండి. విజయనగరానికి ‘విజియనగ్రం’ (Vizianagram) కూడా చూడండి. జిల్లా హద్దులు కూడా గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో విడిపోయాయి. జయపురం వైపు 1936లో ఒరిస్సాకి పోయింది. అందుకని 1900 నాటి సాలూరు, బొబ్బిలి కాగితాలు విశాఖ కిందే ఉంటాయి.

చోటు సంగతి: మద్రాసు సెక్రటేరియట్‌లో పుట్టినవాటికి మొదట చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో రిఫరెన్సు కోడు, అంటే కేటలాగులో వాల్యూమ్‌కి ఇచ్చిన గుర్తు, దాని మొదటి అక్షరమే దారి చూపిస్తుంది. ‘పి’ అంటే ప్రొసీడింగ్స్, ప్రభుత్వ శాఖల చర్చలూ ఉత్తర్వులూ నకలు చేసిన వాల్యూములు. ‘ఎఫ్/4’ 1858 దాకా కంపెనీ వ్యవహారాల మీద లండన్‌లోని బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌కి వెళ్ళిన సంకలనాలు. ‘ఎన్/2’ మద్రాసు వైపు బాప్టిజం, పెళ్ళి, ఖననం రిజిస్టర్లు. భీమిలిలో ఉన్న ఇంగ్లీషు వర్తకుల కుటుంబాలు కావాలంటే ఎన్/2 తెరవండి, సరుకూ సుంకమూ కావాలంటే ‘పి’.

స్లిప్పు మీద రాయాల్సింది రిఫరెన్సు కోడు, అక్షరం, అంకె, అడ్డగీత తేడా లేకుండా యథాతథంగా. ఆకు నంబర్లు మీ నోట్‌బుక్కులో ఉంచుకోండి, ఇచ్చేది వాల్యూమ్ మొత్తం.